కృష్ణాతీరమున రెండు రాత్రులు

విజయవాడ చూచి రావలెననియు, అచటినుండి కృష్ణామండలపు పల్లెలు తిరిగి రావలెననియు తలచు గృహిణులను దారిఖర్చు కంటె బస ఖర్చే యెక్కువగా వెనుకకు లాగుచుండును. రైలు టిక్కెట్టు వెల ముందే తెలియును. పులిహోర, పెరుగన్నము, జంతికలు ఇంటినుండి మూట గట్టుకొనవచ్చును. రాత్రి తల వాల్చుటకు చోటు నట్లు మూట గట్టుకొనుట కుదరదు. గది మాట యెత్తగానే "వచ్చే యేడు చూతము" అని ఇంటి యజమానుడనును. ఆ యేడు రానే రాదు.

పెద్ద హోటళ్ళ గదులు కొన్ని మార్గములలో తక్కువ వెలకును, ఒక్కొక్కప్పుడు వెల లేకయు లభించునను సంగతి ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరుగు మగవారు చాలమంది యెరుగుదురు. ఇంట నుండు మనలో తెలిసినవారు తక్కువ. 2025 సెప్టెంబరు 12వ తేదీ శుక్రవారము మొదలు మూడు దినములు మేము చేసిన ప్రయాణములో ఆ మార్గములు కొన్ని కన్నులార జూచితిమి గనుక, సోదరీమణుల కుపయోగించునని వ్రాయుచున్నాము.

మా వీధి చివర నొక పిన్నిగారున్నారు. చుట్టరికము లేదు గాని పదునైదేండ్లుగా మాకా పిలుపే అలవాటు. వారి భర్త యొక మందుల కంపెనీలో చేరి, సంచి పట్టుకొని డాక్టర్లయొద్దకు దిరుగు చిన్న ఉద్యోగమునుండి క్రమముగా పెద్ద ఉద్యోగమునకు వచ్చిరి. మొదట తిరిగినది కృష్ణాజిల్లా. తరువాత హైదరాబాదు, చెన్నపట్టణము, బొంబాయి. నెలలో పది పదునైదు రాత్రులు వారింట నుండెడివారు కారు. పై పదవి వచ్చినపిమ్మట కంపెనీవారు ఖర్చులిచ్చుటచేత పెద్ద హోటళ్ళలో దిగుచు, ఒక హోటళ్ళ సంస్థలో సభ్యత్వము పుచ్చుకొనిరి. సభ్యుడు దిగిన ప్రతి రాత్రికిని, పెట్టిన ఖర్చు ననుసరించి, హోటలువారు కొన్ని 'పాయింట్లు' ఆయన పేర జమ కట్టుదురు. ఒక నిర్ణీత సంఖ్య నిండినపిమ్మట ఆ పాయింట్లు చెల్లించి, రొక్కమీయకయే ఆ సంస్థవారి యే హోటలులోనైనను గది తీసికొనవచ్చును. "నా ఉద్యోగము కానిమ్ము. నిన్ను ఊళ్ళన్నియు త్రిప్పెదను. గదులకు పైసా యీయనక్కరలేదు" అని వారు పిన్నిగారితో చెప్పుచుండెడివారట. ఉద్యోగ విరమణకు రెండేండ్లుండగనే వారు గతించిరి.

ఈ పద్ధతి మన కంత వింతయైనది కాదు. టీ పొట్లములలోని కూపన్లు దాచి స్టీలు గిన్నె తెచ్చుకొనిన యిండ్లు మన దేశమున నెన్నియో. అమెరికాలో 1896లో స్పెర్రీ, హచిన్సన్ అను నిరువురు స్థాపించిన కంపెనీ, దుకాణములలో సరకు కొన్నవారికి పచ్చని బిళ్ళలిప్పించుట మొదలిడినది. ఆ దేశపు ఇల్లాండ్రు వానిని పుస్తకములలో నంటించి, పుస్తకములు నిండగానే ఇచ్చివైచి ఇంటి సామగ్రి తెచ్చుకొనెడివారు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అను విమాన సంస్థ ఈ యుపాయమునే మైళ్ళ లెక్కకు త్రిప్పినది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళవారు బసకు త్రిప్పిరి. బిళ్ళలైనచో ఎవరంటించిన వారివి. పాయింట్లు మాత్రము ప్రయాణము చేసినవాని పేరనే పడును. ఆ రాత్రులలో ఇంట నుండి పిల్లల జ్వరములు, అత్తమామల దగ్గులు చూచుకొన్న యామె పేర నేమియు పడదు.

చాల సంస్థల నిబంధనలలో సభ్యుడు మరణించినచో పాయింట్లు రద్దగునని వ్రాసియుండును. కొన్ని సంస్థలవారు మాత్రము మరణ ధ్రువపత్రము, భార్య గుర్తింపు పత్రము, ఒక అర్జీ పంపినయెడల ఆమె పేరికి మార్చుదురు. దానికిని గడువుండును. పిన్నిగారి కుమారుడు పరదేశములో నున్నాడు. అతడీ సంగతి కనుగొని వ్రాసి, గడువు మించకముందే తల్లి పేరిట మార్పించినాడు. సభ్యత్వపు సంఖ్య దొరికినదెట్లనగా, బీరువాలోని కోటు జేబున నున్న కార్డువలన! భీమా కాగితములెక్కడ నున్నవో, బ్యాంకు పుస్తకములెక్కడ నున్నవో తెలిసికొని యుండవలెనని మన కందరును బోధింతురు. ఈ సంఖ్యలను గూడ అడిగి వ్రాసికొనుమని చెప్పినవారిని మేమింతవరకు చూడలేదు.

అన్నియేండ్లు తిరిగినందుకు చివరకు మిగిలిన పాయింట్లెన్ని యనగా, విజయవాడలో నొక గదికి రెండు రాత్రులు వచ్చి మరి కొంచెము శేషించునన్ని. కొన్ని వాడకయే కాలము చెల్లిపోయినవి. కొన్నిటిని ఆయన సూటుకేసులకు, మిక్సీకి మార్చుకొనిరి. ఇక్కడ నొక చిన్న లెక్క చెప్పెదము. ఒక గది అద్దె 6,000 రూపాయలనియు, పాయింట్లలో దాని వెల 12,000 అనియు అనుకొందము. అపుడు పాయింటొకటి అర్ధరూపాయి చేసినది. అదే 12,000 పాయింట్లకు వస్తువుల పట్టికలో 3,000 రూపాయల మిక్సీ వచ్చినయెడల పాయింటు పావలాకు దిగినది. సాధారణముగా వస్తువులకు మార్చిన నష్టము, గదులకు మార్చిన లాభము. అయినను గది లెక్క కూడ ప్రతిసారి వేసి చూడవలయును. అద్దె తక్కువగా నున్న దినమున రొక్కమిచ్చి, ఎక్కువగా నున్న దినమునకు పాయింట్లు దాచుకొనుట మేలు. కొన్ని సంస్థలు లెక్కను స్థిరముగా నుంచినవి. అకోర్ అను ఫ్రెంచి సంస్థవారి పద్ధతిలో 2,000 పాయింట్లకు 40 యూరోలు తగ్గింతురు. విజయవాడలోని నోవోటెల్ వారిదే. టాటావారి నాణెమొకటి రూపాయికి సమానము.

పిన్నిగారు పాయింట్లు చేతికి వచ్చినను కదలరైరి. "ఒంటరిదానను, నేనెక్కడికి పోదును?" అని వారి మాట. మేమును వత్తుమంటిమి. మా పదునొకండేండ్ల అమ్మాయి అంతకుముందే పెట్టె సర్దుకొన్నది.

బడిపంతులుగారి కుటుంబమునకు గదుల విషయమున నొక శాపమున్నది. మాకు సెలవులున్నపుడే లోకమున కంతకును సెలవులు. దసరా, సంక్రాంతి, ఎండకాలము: హోటళ్ళ అద్దెలు కొండెక్కియుండు కాలములు మా కాలములే. పెద్ద హోటళ్ళలో గది కొక్క వెల లేదు. కూరగాయల సంతలో వలె రోజున కొక వెల, ఒక్కొక్కనాడు పూట కొక వెల. ఈ హెచ్చుతగ్గులు కనుగొనుటకు మా వారు సెల్‌ఫోనులో మూడు దినములు తంటాలు పడిరి. మేము గోడమీది పంచాంగము చూచితిమి. విజయవాడ హోటళ్ళు నిండునది పెండ్లి ముహూర్తములకు. కళ్యాణమంటపము లెక్కడ వెలిగిన నక్కడ చుట్టుపట్ల గదులన్నియు మగపెండ్లివారివే. కావున ముహూర్తములు లేని ఆషాఢము, శూన్యమాసములు, మౌఢ్యములు, భాద్రపద బహుళము మనబోంట్లకు అనుకూలమైన దినములు. అందును రెండవ శనివారము గలిసిన వారాంతము బడివారికి దొరకును. వ్యాపారపు పనులమీదను, సచివాలయపు పనులమీదను వచ్చువారు ఆ రెండు దినములు పలుచన.

ఆషాఢములో నొక జాగ్రత్త యున్నది. అమ్మవారి కొండమీద పూర్ణిమతో ముగియునట్లు మూడు దినములు శాకంబరీ ఉత్సవములు జరుగును. సారె సమర్పించు స్త్రీల గుంపులు ఆ మాసమంతయు వచ్చుచునే యుందురు. మేము భాద్రపద బహుళము నేర్పరచుకొంటిమి. పితృపక్షమున విహారమేమని మా అత్తగారు సణిగిన మాట నిజమే గాని, పుణ్యనదికి పోవుచున్నామన్న తరువాత ఊరకుండిరి. ఆ యేడు సెప్టెంబరు 22న శరన్నవరాత్రులారంభమైనవి. ఆ దినములలో ఇంద్రకీలాద్రి క్రింద అడుగు పెట్ట చోటుండదు. మూలా నక్షత్రము నాటి సంగతి చెప్పనే యక్కరలేదు. మేము పది దినములు ముందుగా పోవుటచే గదికి గది, దర్శనమునకు దర్శనము సుఖముగా దొరికినవి. పన్ను మాత్రము వేచియున్నవారికే లాభించినది. 7,500 రూపాయల వరకు అద్దె గల గదులపై అంతదనుక నూటికి 12 రూపాయలున్న జి.ఎస్.టి., ఆ 22వ తేదీనుండియే 5 రూపాయలైనది. అంతకు మించిన అద్దె గదులపై 18 గానే నిలిచినది.

ఇక సత్రముల మాట. సత్రములుండగా హోటళ్ళేలయని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినపుడు ఏ మజిలీలో సత్రమున్నది, ఎక్కడ నీడయు నీళ్ళును దొరకునని వ్రాసికొనుచు పోయిరి. ఆ కాలమున బాటసారికి సత్రమే ప్రాణాధారము. నేటికిని క్షేత్రములలో దేవస్థానముల గదులు, ధర్మసంస్థల సత్రములు నున్నవి. ధర్మసంస్థలు దేవాలయ ప్రాంగణములలో నడపు గదులకు దినపు అద్దె 1,000 రూపాయల లోపైనచో జి.ఎస్.టి. కూడ లేదు. అన్నము పెట్టి, చోటిచ్చి, ఏమియు నడుగని ఆ దాతల ఋణము తీరునది కాదు. కాని మన సత్రములు కొన్నిటి వాకిట నిప్పటికిని మొదటి ప్రశ్న కులమే. మేమును పిన్నిగారును ఒక కులమువారము కాము. మమ్ములను లోనికి రమ్మని వారిని బయట నిలుపు చోటికి మేమెట్లు పోగలము? హోటలువారడుగునది ఆధారు కార్డు, ఇచ్చునది తాళము. ఈ యొక్క విషయమున వారే ధర్మాత్ములని మాకు తోచినది.

చిన్న లాడ్జీలలో వేరొక చిక్కు. పిన్నిగారి వంటివారు ఒంటరిగా పోయి గది యడిగినయెడల, "మగవారెవరును లేరా?" యని కొందరు మొగము మీదనే లేదందురు. మా బంధువులలో నొకామెకు ఒక పట్టణములో నట్లు జరిగి, రాత్రి పది గంటలకు రైలుస్టేషనునకు తిరిగి వచ్చి ఆడవారి వేచియుండు గదిలో తెల్లవార్చినది. గుర్తింపు పత్రము గల స్త్రీకి గది యీయరాదని చెప్పు చట్టమేదియు లేదు. ముందుగనే తన పేరిట గది నిర్ణయించుకొని, ఆ నిర్ణయపు కాగితము చేత బట్టుకొని పోవు స్త్రీకి ఈ చిక్కు చాలవరకు తప్పును. సభ్యత్వము చేరుటకు రుసుము లేని సంస్థలు చాల నున్నవి గనుక, ప్రయాణములున్నను లేకున్నను ప్రతి స్త్రీయు తన పేర నొకటి వ్రాయించుకొనుట మంచిదని మా యభిప్రాయము. సభ్యులకు పాయింట్లు లేకున్నను అద్దెలో కొంత తగ్గింతురు. అయితే గదిని హోటలువారి సొంత కార్యాలయముద్వారానో, వారి సొంత యాప్‌ద్వారానో నిర్ణయించుకొనవలెను. మధ్యవర్తుల ద్వారా తీసికొనిన గదులకు పాయింట్లు పడకపోవుటయే సాధారణము. తక్కువ వెల యని కనబడినదెల్ల తక్కువ కాదు. ముందే సొమ్ము కట్టించుకొని, ప్రయాణమాగినను తిరిగి ఈయని వెల యొకటి. రెండు దినముల ముందువరకు మానుకొనదగిన వెల యొకటి. పిల్లలు గల యింట రెండవదే తీసికొనవలెను. జ్వరము చెప్పి రాదు గదా.

పాయింట్లతో వచ్చు గది యొక్కటే. దానిలో పిన్నిగారు, మేము, పండ్రెండేండ్ల లోపుది గనుక రుసుము లేకుండ మా అమ్మాయి. మరి మా వారు? వారు రైల్వేవారి విశ్రాంతి గదులను కుదుర్చుకొనిరి. ఇదియు తెలిసికొనదగినదే. నిర్ణయమైన రైలు టిక్కెట్టు గలవారు ఆ టిక్కెట్టు సంఖ్య ననుసరించి పండ్రెండు గంటలకు గాని, ఇరువదినాలుగు గంటలకు గాని, నలువదియెనిమిది గంటలకు గాని స్టేషనులోనే పడకయో గదియో ముందుగా తీసికొనవచ్చును. అద్దె స్వల్పము. నిద్ర మాత్రము రైళ్ళ దయ. విజయవాడ వంటి కూడలిలో రాత్రికిని పగటికిని భేదమేమి? మరునాడుదయము మా వారి కన్నులు చూచి మా అమ్మాయి "నాన్నగారూ, రాత్రి యెన్ని రైళ్ళు పోయినవి?" అని యడిగినది.

శుక్రవారము చీకటి పడునప్పటికి బందరు రోడ్డులోని హోటలు చేరితిమి. పాలరాతి నేల, చల్లని గాలి, ఎత్తైన అద్దములు. పిన్నిగారు చెప్పులు విడువవలెనా యని మెల్లగా నడిగిరి. బల్ల వెనుకనున్న అమ్మాయి కంప్యూటరు చూచి నవ్వుచు స్వాగతపు కాగితము చేతికిచ్చినది. సభ్యత్వము పేరు మారినను ముందరి గౌరవపదము మారలేదు కాబోలు, పిన్నిగారి పేరుకు ముందు మిస్టరని అచ్చై యున్నది. వారా కాగితమును చాలసేపు చూచి, "ఉండనీ" అనిరి. ఆ పిల్ల సంగతి గ్రహించి, కలముతో దిద్ది, వేరొకటి అచ్చువేసి తెచ్చినది. పిన్నిగారు రెండును సంచిలో పెట్టుకొనిరి.

గదిలో బల్లమీద నున్న రెండు నీళ్ళ సీసాలు హోటలువారు ఊరకనే యిచ్చునవి. చిన్న ఫ్రిజ్జులోని పానీయములు, పప్పుల పొట్లములు అట్టివి కావు. ముట్టినచో మరునాడు చీటీ వచ్చును. ఇది తెలియక పిన్నిగారు మొదట సీసాలను గూడ ముట్టలేదు. పాయింట్ల గదికి ఉదయపు ఫలహారము చేరినదో లేదో ముందే అడుగవలెను. మాకు చేరలేదు. శనివారమునాడు గాంధీనగరమునకు పోయి, స్టేషనునుండి వచ్చిన మా వారిని గలిసికొని, బాబాయి హోటలులో వెన్నపూస వేసిన ఇడ్డెనలు తింటిమి. అవి తినుటకే విజయవాడకు వచ్చువారున్నారన్న మాట అబద్ధము కాదు.

ఆ దినమంతయు పల్లెలు తిరుగుట కేర్పరచుకొంటిమి. ఊరూరికి బస మార్చుట కంటె పట్టణములో నొక్కచోట దిగి, ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగి వచ్చుట మేలని మా లెక్క. దానికి 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకము బలమిచ్చినది. ఆంధ్రప్రదేశములో నివసించు స్త్రీలు గుర్తింపు పత్రము చూపి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, పట్టణములలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో రుసుము లేక పోవచ్చును. పండిట్ నెహ్రూ బస్‌స్టేషనులో కండక్టరు మా మువ్వురికి సున్న రూపాయల టిక్కెట్లు చించి యిచ్చి, మా వారి యొద్ద మాత్రము సొమ్ము పుచ్చుకొన్నాడు. వారొక్కరే ఖర్చుగల మనిషియైరి.

బస్సు బందరు కాలువ ప్రక్కగా సాగినది. వరి నాట్లు పూర్తియై పచ్చతివాచీ పరచినట్లుండెను. చెరకు, అరటి, పసుపు. కిటికీప్రక్కన కూర్చున్న పిన్నిగారు, "కంకిపాడు" అనిరి. కొంతసేపటికి కంకిపాడు వచ్చినది. "ఇక ఉయ్యూరు. చక్కెర ఫ్యాక్టరీ ఉండును" అనిరి. "ఇక పామర్రు. ఇక్కడ కుడిచేతికి తిరుగును." వారు ముందెన్నడు నీ దారిని వచ్చినవారు కారు. పెండ్లియైన కొత్తలో భర్త ప్రతి సోమవారము బయలుదేరుచు, ఏ దినమున ఏ యూరిలో ఏ డాక్టరుగారిని చూచునో చెప్పి పోవుచుండగా విని విని కంఠస్థమైనవట. చల్లపల్లివరకు వారికి వరుసగా వచ్చును. చల్లపల్లిలో రాత్రికి బస, శుక్రవారమునకు ఇల్లు.

కూచిపూడి విజయవాడకు సుమారు 60 కిలోమీటర్లు. గొల్కొండ ప్రభువు తానీషా ఆ బ్రాహ్మణ భాగవతుల నాట్యమునకు మెచ్చి అగ్రహారముగా నిచ్చెనని ప్రసిద్ధి. రామలింగేశ్వరస్వామి ఆలయము ముందు నిలుచున్నపుడు, ఈ చిన్న యూరినుండియేనా ఇంత కళ పుట్టినదని ఆశ్చర్యము గలిగినది. సిద్ధేంద్రయోగి పేర నున్న కళాపీఠములో పిల్లలు అడుగులు నేర్చుకొనుచుండిరి. మా అమ్మాయిని అచ్చటినుండి కదల్చుట కష్టమైనది. ఆ కుటుంబముల మగవారు మేళములు గట్టుకొని, నెలల తరబడి ఊరూరు తిరిగి ఆడెడివారు. సత్యభామ వేషమునకు పేరొందిన వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935-2012) ఆ యూరివారే. భామ వేషము వేసిన మగవాడు విరహమును అభినయించి ఊరివారి నేడ్పించుచుండగా, ఆయన భార్య కూచిపూడిలో దీపము ముట్టించి యొంటరిగా కూర్చుండును గదా యని మాకు తోచినది. పక్కనే మొవ్వ, గోపాలుని పేర పదములు పాడి దేశములు తిరిగిన క్షేత్రయ్య ఊరు. వేణుగోపాలస్వామి దర్శనము చేసికొని ముందుకు సాగితిమి.

చల్లపల్లిలో బస్సు మారునపుడు పిన్నిగారు బజారు రెండు వైపుల చూచిరి. భర్త దిగెడి లాడ్జి ఏదో వారికి తెలియదు, పేరెప్పుడును చెప్పలేదట. "గది యెట్లుండెడిదో అడుగనే లేదు, అమ్మాయీ. దోమలున్నవా యని మాత్ర మడిగెడిదానను" అనిరి. అంతలో మోపిదేవి బస్సు వచ్చినది. అక్కడ వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరునికి పాలు పోసి, ఆవలికి పోవుటకు ప్రొద్దు చాలక వెనుదిరిగితిమి. ఆ యావల నున్నదే దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెనకు వేలకొలది జనము నశించిన నేల. హంసలదీవి, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు, ఘంటసాల చూచుట కింకొక దినము కావలెను.

ఆదివారము తెల్లవారుజామున కృష్ణాస్నానము. నది నిండుగా నుండుటచే మెట్లమీదనే, గొలుసు పట్టుకొని మునిగితిమి. పిన్నిగారు మూడు మునకలు వేసి, దోసిట నీరు విడిచిరి. వెనుక తిరిగి చూచిన ప్రకాశం బ్యారేజి. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట 1952లో తెగగా, 1957లో నిది కట్టిరి. దాని కాలువల నీటిమీద మునుపు పడవలు నడచెడివి. మా మామగారి తండ్రి పడవలోనే పడుకొని బందరు చేరెడివారట. ఆయనకు బస చింత లేదు. అమ్మవారి దర్శనము ధర్మదర్శనపు వరుసలోనే గంటన్నరలో నైనది.

గది వదలవలసినది మధ్యాహ్నము పండ్రెండుకు. రైలు సాయంకాలము. ఇట్టి యెడల సామాను బల్లయొద్ద నప్పగించినచో, రుసుము లేకయే చూచుకొందురు. అప్పుడు మా వారొక మాట చెప్పిరి: చాల సంస్థలలో ఖాతాలో కొంతకాలము జమగాని ఖర్చుగాని లేకపోయిన పాయింట్లు రద్దగును, కొత్తగా కొంచెము జమపడినను గడువు ముందుకు జరుగును. ఆ హోటలు భోజనశాలలో తినినదానికిని సభ్యులకు పాయింట్లు పడునని కనుగొంటిమి. పిన్నిగారు "ఈ పూట భోజనము నాది" అని తమ సంచిలోని సొమ్ము తీసి, సభ్యత్వపు సంఖ్య తామే చెప్పిరి. నలుగురికి భోజనము, ఒక ఐస్‌క్రీము. మూడవనాటికి వారి ఫోనులో నొక సందేశము వచ్చినది. పడినవి స్వల్పమే గాని, అవి వారి పేర మొదట పడినవి. శేషించిన వానికి గడువును పెరిగినది. ఆ తేదీని మా వంటింటి క్యాలెండరుమీద గూడ వ్రాసియుంచితిమి.

కృష్ణా పుష్కరములు 2016 ఆగస్టు 12 మొదలు 23 వరకు జరిగినవి. మరల 2028లో వచ్చును. చాల హోటళ్ళవారు పాయింట్ల గదులను సుమారొక సంవత్సరము ముందునుండియే యిత్తురు. వాని సంఖ్య తక్కువ, ముందడిగినవారికే దక్కును. కావున అప్పుడు పోదలచినవారు 2027లోనే విచారించుకొనవలెను. పిన్నిగారికి గదికి చాలునన్ని పాయింట్లు నిండునో లేదో. ఈ మధ్య మా అమ్మాయిని కూర్చుండబెట్టుకొని లెక్క వేయించుచున్నారు.